నుమాంటియాలో అందరూ మంటల్లో దూకలేదు

ఈ వారంలో నలుగురు పంపారు అదే మెసేజ్‌, ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న ప్రాచీన పట్టణం నుమాంటియా గురించి. "నుమాంటియా వీరులు రోమన్లతో భీకరంగా పోరాడి ఓడారు. మాట తప్పిన జాతి కాబట్టి రోమ్‌ శిక్షించింది. ఒక్కరూ బానిస కాలేదు, అందరూ నవ్వుతూ మంటల్లో దూకారు. జనవరి 1 కొత్త సంవత్సరం కూడా ఈ యుద్ధాల చలవే." ఇక ఊరుకోలేకపోతున్నాను.

భీకర పోరాటం ఎక్కడ? క్రీ.పూ. 133లో ఆ ఊరిని పడగొట్టింది ఆకలి. రోమన్‌ సేనాని స్కిపియో ఎమిలియానస్‌ దగ్గర 60,000 మంది ఉన్నారు, ఊళ్లో పోరాడగలవాళ్లు 8,000. అయినా అతను యుద్ధానికి దిగలేదు. ఊరి చుట్టూ ఏడు కోటలు, గోడ, కందకం కట్టించాడు. డ్యూరో నదిలో ఈదుకుంటూ కూడా ఎవరూ దాటకుండా కత్తులు బిగించిన దూలాలు వేయించాడు.

మాట తప్పింది రోమ్‌. క్రీ.పూ. 137లో రోమన్‌ సేనాని మాన్సినస్‌ సైన్యం చిక్కితే నుమాంటియావాళ్లు ఒప్పందం చేసుకుని ప్రాణాలతో వదిలారు. రోమ్‌ పాలక సభ సెనేట్‌ ఆ ఒప్పందాన్ని చెల్లదు పొమ్మంది.

ఇక ఆ మంటలు. బంధించి తేవడానికి ఒక్క నుమాంటియావాడూ మిగల్లేదని రోమన్‌ చరిత్రకారుడు ఫ్లోరస్‌ రాసిన మాట నిజమే. కానీ మరో ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్‌ ఏం రాశాడో చదివారా? తిండి అయిపోయాక తోళ్లు ఉడికించి నాకారు. తర్వాత మనిషి మాంసం తిన్నారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. మిగతావాళ్లు బయటికి వచ్చారు, పెరిగిన గోళ్లతో, జడలు కట్టిన జుట్టుతో, కంపు కొట్టే బట్టలతో. స్కిపియో 50 మందిని విజయయాత్రకు ఉంచుకుని తక్కినవాళ్లను అమ్మేశాడు. సంతలో అమ్ముడైన ఆ మనుషుల్ని "ఒక్కరూ బానిస కాలేదు" అనే ఒక్క ముక్కతో తుడిచేస్తారా? బతకాలనుకుని బయటికి రావడం పిరికితనమా? పిల్లలున్న గ్రూపుల్లో ఆత్మహత్యను నవ్వుతూ చేసే పనిగా చూపించడానికి మనసెలా ఒప్పింది? నుమాంటియాకు సాయం చేయాలనుకున్న పక్క ఊరు లూటియా కుర్రాళ్లు 400 మందికి స్కిపియో చేతులు నరికించాడు. మీ మెసేజ్‌లో వాళ్ల ఊసే లేదు.

జనవరి 1 సంగతి కూడా అబద్ధమే అనుకుని వెతికాను. నాదే పొరపాటు. మార్చి 15న పదవిలోకి వచ్చే కాన్సుళ్లు, అంటే రోమ్‌ను ఏడాదికోసారి మారి ఏలే ఇద్దరు అధినేతలు, క్రీ.పూ. 153 నుంచి జనవరి 1నే రావడం మొదలైంది, స్పెయిన్‌లో తిరుగుబాటు వల్లే. రోమన్లు సంవత్సరాన్ని వాళ్ల పదవితోనే లెక్కించేవారు. ఆ వాక్యం ఉంచండి. మంటల వాక్యం తీసేసి పంపండి.