సవరణ: దాష్కొవా ఎడిన్‌బరోలో చదవలేదు

మొన్నటి పోస్టులో రష్యన్ యువరాణి యెకతెరీనా దాష్కొవా ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పుచ్చుకుందని రాశాను. అది తప్పు. ఆవిడ స్మృతులు మళ్లీ తిరగేస్తే తెలిసింది. చదివింది ఆవిడ కొడుకు పావెల్, 1779లో ఎం.ఏ. అందుకున్నాడు. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లను చేర్చుకునేవారే కాదు. చదువు సాగినన్నాళ్లూ తల్లి హోలీరూడ్ రాజప్రాసాదంలో కాపురముంది. ప్రిన్సిపాల్ విలియం రాబర్ట్‌సన్, ఆడమ్ ఫెర్గూసన్, జోసెఫ్ బ్లాక్ లాంటి ఆచార్యులు ఆవిడ ఇంటికే వచ్చి కబుర్లాడేవారు. తన జీవితంలోకెల్లా ప్రశాంతమైన కాలం అదేనని ఆవిడే రాసుకుంది. తరగతి గదిలో కాలు పెట్టనివ్వకపోయినా, 1783లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన అకాడమీకి అధిపతి అయింది. పట్టా సంగతి సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.