ఒక్క నవలకి ముప్పయ్యేళ్ళు

షికాగో యూనివర్సిటీలో చైనీస్ సాహిత్యం చెప్పిన డేవిడ్ టాడ్ రాయ్ గారు 1980ల మొదట్లో ‘జిన్ పింగ్ మెయ్’ నవలను ఇంగ్లీషులోకి తేవడానికి కూర్చున్నారు. మొదటి సంపుటం 1993లో అచ్చయింది. ఐదోది, ఆఖరిది, 2013లో. వంద అధ్యాయాలు, దగ్గర దగ్గర మూడు వేల పేజీలు. మన ఐటీ వాళ్ళకి ఈ డెడ్‌లైన్ చెబితే నవ్విపోతారు.

16వ శతాబ్దం చివర్లో, మింగ్ రాజుల కాలంలో, అసలు పేరు బయటపెట్టుకోని రచయిత రాసిన నవల ఇది. షిమన్ ఛింగ్ అనే వ్యాపారి, అతని ఆరుగురు పెళ్ళాలు, విందులు, బట్టలు, లంచాలు, కోర్టు కేసులు. బూతు పుస్తకమని పేరు పడిపోయింది. 1939 నాటి ఇంగ్లీషు అనువాదంలో ఆ ఘట్టాలను లాటిన్‌లో పెట్టి చేతులు దులుపుకున్నారు. మిషనరీ దంపతులకు నాన్‌జింగ్‌లో పుట్టిన రాయ్ గారు 1950లో, టీనేజి కుర్రాడిగా, అక్కడి పాత పుస్తకాల కొట్టులో పూర్తి చైనీస్ ప్రతి కొన్నారు. ఎందుకు కొన్నారో ఆయన దాచుకోలేదు లెండి.

తీరా చదివితే ఆ నవల నిండా అరువు సరుకే. పాత పాటలు, నాటకాల ముక్కలు, సామెతలు, పద్యపాదాలు, ఎక్కణ్ణుంచి తెచ్చాడో చెప్పకుండా రచయిత కుట్టేశాడు. రాయ్ గారు అలాంటి ప్రతి వాక్యాన్నీ ఒక కార్డు మీద ఎక్కించారు. కార్డులు వేలల్లోకి వెళ్ళాయి. ఆ తర్వాత, ఆ రచయిత కాలానికి చలామణిలో ఉన్న పుస్తకాలను వరసపెట్టి చదువుతూ, ఏ ముక్క ఎక్కడిదో పట్టుకున్నారు. ఫలితం: 4,400కు పైగా నోట్లు. ఇన్నెందుకని విసుక్కునేవాళ్ళుంటారు. నాకైతే కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మన మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి గుర్తొచ్చాడు. ‘నామూలం లిఖ్యతే కించిత్’, ఆధారం లేనిదేదీ రాయనని ఆయన ప్రతిజ్ఞ.

అనువాదం మీదే కూర్చోవడానికి రాయ్ గారు 1999లో రిటైరయ్యారు. ఆఖరి సంపుటం ముగిసే రోజుల్లో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు బయటపడింది. 2016లో పోయారు.

ఆయన పట్టుదలను పొగిడి ఊరుకుంటే సరిపోదు. రిటైరయ్యేదాకా నెలనెలా జీతం ఇచ్చి, పుస్తకం ఏదని నిలదీయని యూనివర్సిటీ ఒకటి వెనకుంది. మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 2010లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారబ్బాయి రోహన్ మూర్తి హార్వర్డ్ యూనివర్సిటీకి 52 లక్షల డాలర్లిస్తే వచ్చిన గ్రంథమాలలోనే, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్ల ‘మనుచరిత్ర’ అనువాదం 2015లో వెలువడింది. పక్క పేజీలో తెలుగు మూలంతో సహా!

మన తెలుగు సంఘాలు పుస్తకావిష్కరణకు హాలిస్తాయి, శాలువా కప్పుతాయి. పుస్తకం తయారయ్యే ఏళ్ళకు మాత్రం పైసా విదల్చవు. వచ్చే మహాసభల్లో స్టార్ నైట్ ఒకటి తగ్గించి, ఆ డబ్బుతో ఒక అనువాదకుడికి రెండేళ్ళు జీతమిద్దాం. కళాపూర్ణోదయమో, వసుచరిత్రో, ఏది కావాలో ఎంచుకోనిద్దాం. మధ్యలో ఫోన్ చేసి ఎంతవరకొచ్చిందండీ అని అడగకూడదన్న షరతు కూడా తీర్మానంలో రాసుకుందాం.