ఒక్క తాత చాలు

ఇంగ్లండు వాళ్లను తలచుకుంటే జాలి వేస్తుంది. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పెద్దమనుషులు అక్కడి డాక్టర్లకు ఉత్తరాలు రాసి, పొగ అలవాటు గురించి అడిగారు. బదులిచ్చిన 34,439 మంది మగ డాక్టర్లలో ఎవరు ఎప్పుడు దేనితో పోయారో 2001 దాకా రాస్తూనే ఉన్నారు. పొగ మాననివాళ్లు సగటున పదేళ్లు ముందే పోతున్నారని చివరికి తేలింది.

ఇంత శ్రమ ఎందుకు? హనుమకొండ చౌరస్తాలో మా చాయ్ బండి దగ్గరికి వస్తే అరగంట పని. "మా తాత రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చి తొంభై ఏళ్లు బతికాడు." అంతే, కేసు కొట్టివేత. ఆ తాత తమ్ముళ్లు ముగ్గురు ఏమయ్యారని మాత్రం అడగకూడదు. పోయినవాళ్లు చాయ్ తాగడానికి రారు కదా, సాక్ష్యం చెప్పడానికి!

బీడీకీ లెక్క ఉంది. 2008లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనం ప్రకారం మగవాళ్లకు సిగరెట్టుతో పదేళ్లు, బీడీతో ఆరేళ్లు ఆయుష్షు తగ్గుతుంది. ములుగు అడవిలో కోసిన తునికాకును జగిత్యాల ఆడవాళ్లు నడుము విరిగేలా కూర్చుని చుట్టిన సరుకు మరి. నాలుగేళ్లు చవక.

మందు విషయంలో మా పరిశోధన ఇంకా లోతైనది. కాజీపేటలో మా బంధువు ఒకాయన ముప్పై ఏళ్లు తాగాడు. లివర్ పాడైందని డాక్టరు కసిరితే మానేశాడు, ఏడో నెలలో పోయాడు. దశదినకర్మ భోజనాల దగ్గర ఏకగ్రీవ తీర్మానం: "మానేశాడు కాబట్టే పోయాడు. అలవాటు పడ్డ ఒళ్లు!" నవ్వకండి. పేరున్న పరిశోధకులూ చాలాకాలం ఇదే చేశారు. జబ్బుపడి మానేసిన వాళ్లను తాగనివాళ్ల పద్దులో వేసి, మితంగా తాగేవాళ్లకే ఆయుష్షు ఎక్కువని మురిసిపోయారు. వాళ్లను విడదీసి చూస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది కానీ, ఆ కబురు మా బెల్టు షాపు దాకా రాలేదు.

నలభైలో పొగ మానితే తొమ్మిదేళ్లు, అరవైలో మానితే మూడేళ్లు దక్కుతాయని కూడా ఆ డాక్టర్ల లెక్కే చెప్పింది. మొన్న చాయ్ బండి దగ్గర ఇదంతా వివరించి, డాల్ తన తొలి ఫలితాలు చూసుకుని తానే సిగరెట్టు మానేసి, 92 ఏళ్లు బతికాడని కూడా చెప్పాను. బీడీల తాత మనవడు పెదవి విరిచాడు.

"ఒక్క మనిషిని చూసి ఎలా నమ్ముతామండీ?"