ఆప్షన్ ఫారం గారికి ఒక కడియం కుర్రాడి ఉత్తరం

మహారాజశ్రీ ఆప్షన్ ఫారం గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. కాలేజీ ఎదురు జిరాక్స్ షాపులో తమరూ క్షేమమని తలుస్తాను.

2021లో బీకాం మొదటి సంవత్సరంలో, ఏ కోర్సు కావాలో టిక్కు పెట్టమంటూ తమరి దర్శనమైంది. అంతవరకూ నన్నెవరూ ఏదీ ఎంచుకోమనలేదండీ. ఇంటర్లో ఏ గ్రూపో మా బాబాయి చెప్పాడు, ఏ కాలేజో ఇంటికొచ్చిన పీఆర్‌ఓ చెప్పాడు, ఎన్నింటికి లేవాలో హాస్టల్ బెల్లు చెప్పింది. అలాంటివాడికి తమరొచ్చి "నీ ఇష్టం" అన్నారు. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

అంతకు ముందు ఏడాదే రాష్ట్రంలో డిగ్రీ సిలబస్ మార్చి లైఫ్ స్కిల్, స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులు తెచ్చారు. ఒక్కోదానికి వారానికి రెండు గంటలు, రెండు క్రెడిట్లు. బీకాం వాడు సైన్సు వాళ్ల కోర్సు కూడా చదవొచ్చు. ఆలోచన మంచిదే, కాదనను. తమరి ఒంటి మీద ఇన్సూరెన్స్ ప్రమోషన్, టూరిజం గైడెన్స్, ఎలక్ట్రికల్ అప్లయన్సెస్, ప్లాంట్ నర్సరీ అని వరసగా గళ్లు.

మాది కడియం. రోడ్డుకి అటూ ఇటూ నర్సరీలే, అందులో ఒకటి మా నాన్నది. నల్ల కవర్లలో మట్టి నింపీ నింపీ గోళ్ల రంగు మారినవాణ్ని. ప్లాంట్ నర్సరీ తప్ప ఏదైనా సరే అనుకుని ఇన్సూరెన్స్‌కి టిక్కు పెట్టాను. గట్టిగా కనబడాలని రెండోసారి దిద్దాను కూడా.

మర్నాడు గుమాస్తా గారు నా ఫారం వైపు చూడనైనా చూడలేదు. "అందరూ ప్లాంట్ నర్సరీ రాసేయండి. బోటనీ మేడమ్ గారికొక్కరికే పీరియడ్లు ఖాళీ."

"మరి ఫారం ఎందుకండీ?"

"ఫైల్లో ఉండాలి కద నాన్నా."

వైట్‌నర్ సీసా కూడా ఆయనే అందించారు. అది ఆరేదాకా తమరి మీద నేనే ఊదాను, గుర్తుందా?

ఇక క్లాసు. మామిడి అంటు సుద్దముక్కతో కట్టారు. ఫీల్డ్ ట్రిప్ మా నర్సరీకే. అరవై మందికి మజ్జిగ పోసింది మా అమ్మ, హాజరు పడింది నాకు. పరీక్షలో గులాబీకి మొగ్గ అంటు ఎలా కడతారని అడిగారు. మా మేస్త్రి కట్టినట్టే రాశాను: బెరడు ఎంతలోతు కోయాలో, మొగ్గ ఎలా దూర్చాలో, ప్లాస్టిక్ పట్టీ ఎక్కడ ఆపాలో. నిర్వచనం రాయలేదని మార్కులు కోశారు. యాభైకి ఇరవై తొమ్మిది. మా పక్క బెంచీ వాడికి నలభై మూడు. వాడు రాజమండ్రి అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పుట్టి పెరిగినవాడు, తులసి మొక్కకి నీళ్లు పోయాలన్నా వాచ్‌మన్‌నే పిలుస్తాడు. వాడి రికార్డులో బొమ్మలన్నీ నేనే వేసిచ్చాను, నూటయాభై రూపాయలకి.

(లైఫ్ స్కిల్ కోర్సు హ్యూమన్ వేల్యూస్ అండ్ ప్రొఫెషనల్ ఎథిక్స్, అంటే విలువలూ వృత్తి నీతీ. దాని అసైన్‌మెంట్ క్లాసంతా ఒకే అమ్మాయి పుస్తకంలోంచి ఎక్కించాం. అది వేరే ఉత్తరంలో.)

రెండో సెమిస్టర్‌కి తమరు మళ్లీ వేంచేసినప్పుడు ఖాళీగానే ఇచ్చేశాను. గుమాస్తా గారు మెచ్చుకున్నారు. "ఇప్పుడు తెలివొచ్చింది" అన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
29/50