మా అమ్మ ఆవకాయ మీద మీ సుంకం

డల్లాస్,
సెప్టెంబరు 2025

శ్రీయుత అమెరికన్ కన్సర్వేటిజం (అదే, రిపబ్లికన్ పార్టీ వారి సంప్రదాయవాదం) గారికి,

మీ పాత అభిమాని నమస్కరించి రాయునది.

నిన్న సగం రోజు సెలవు పెట్టి పార్సిల్ కౌంటర్ దగ్గర మూడు గంటలు నిలబడ్డాను. గుంటూరు నుంచి అమ్మ ఆవకాయ, గోంగూర, కందిపొడి పంపింది. మొన్న ఆగస్టు దాకా 800 డాలర్ల లోపు సరుక్కి సుంకం లేదు. ఇప్పుడు 40 డాలర్ల పచ్చళ్లకి 20 డాలర్లు, ఆ లెక్క కట్టినందుకు మళ్లీ ఫీజు. కౌంటర్‌లో కుర్రాడు గోంగూర డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి "ఇది కూరగాయా, సాసా?" అన్నాడు. ఏం చెప్పను?

ఇండియా సరుకు మీద 50 శాతమట. అందులో 25 అసలు వడ్డన, మిగతా 25 రష్యా నుంచి ఆయిల్ కొంటున్నందుకు జరిమానా. అయ్యా, ఆవకాయలో అమ్మ పోసింది పప్పునూనె.

అప్పులు చేయకు, సర్కారు మీద ఆధారపడకు, వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు అని మీరంటుంటే అచ్చం మా నాన్న మాట్లాడినట్టే ఉండేది. ఇప్పుడు కంప్యూటర్ చిప్పులు చేసే ఇంటెల్ కంపెనీలో దాదాపు పదో వంతు వాటా ప్రభుత్వానిదే. అప్పు పరిమితి ఇంకో 5 లక్షల కోట్ల డాలర్లు పెంచుకున్నారు, అప్పేమో 37 లక్షల కోట్లు దాటింది. పోనీ, అప్పు లేని ఇల్లెక్కడుంది, వదిలేద్దాం.

సుంకం మాత్రం వదల్లేను. జెండా ఊపుతూ మిత్రదేశాల మీద వాణిజ్య యుద్ధానికి దిగేవాళ్లతో జాగ్రత్త అని 1988లో రేడియోలో చెప్పింది మీ ప్రెసిడెంట్ రీగనే. (జపాన్ టీవీల మీద అంతకు ముందేడు ఆయనా ఒక దెబ్బ వేశాడు లెండి.) ఇప్పుడు ఆయన ఫొటోకి దండ వేసి, మాటకి తద్దినం పెడుతున్నారు. సుంకాలు వేసే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి ఇచ్చింది. రాజ్యాంగాన్ని అక్షరం పొల్లు పోకుండా చదవాలని మాకు క్లాసు పీకిందెవరండీ? ఆ మీరే కాంగ్రెస్‌ని పక్కనపెట్టి ప్రెసిడెంటే సుంకాలు వేసేలా 1977 నాటి అత్యవసర చట్టం బయటికి తీశారు. కందిపొడి వల్ల దేశానికి ఎమర్జెన్సీ!

"ఇదేం కొత్త కాదు. 1890లో కాంగ్రెస్ సభ్యుడు మెకిన్లీ, 1930లో ప్రెసిడెంట్ హూవర్ సుంకాలు పెంచిందీ ఇలాగే. తాతల నాటి అలవాటు" అంటాడు పక్కింటాయన. మరి మధ్యలో నా చెవిలో ఊదిన పాఠాలేమిటి? ఉన్నదాన్ని కాపాడుకునేవాడే కన్సర్వేటివ్ అన్నావు కదా, ఏం కాపాడావయ్యా నువ్వు? మా అమ్మ ఆవకాయ ఏడాది నిలవ ఉన్నా ముక్క మెత్తబడదు. నీ మాట ఎలక్షన్ ఎలక్షన్‌కీ బూజు పడుతోంది!

కోపంలో ఏకవచనం వచ్చేసింది, మన్నించాలి. రసీదు జత చేశాను. డబ్బులు తిరిగివ్వక్కర్లేదు, రీగన్ ఫొటో కింద అంటించండి చాలు.

ఇట్లు,
ఆవకాయ మాత్రమే చేతికందిన ఒక అభిమాని

తా.క.: గోంగూర ఇంకా కౌంటర్‌లోనే ఉంది. అదేమిటో ఇంకా తేలలేదట.