మహారాజశ్రీ ఎర్త్ తీగ గారి దివ్య సముఖమునకు

బానెట్ కింద, గేర్‌బాక్స్ పక్కన బురద పూసుకుని అజ్ఞాతవాసం చేసిన తమరికి, ఓ పాత పెట్రోలు కారు యజమాని నమస్కరించి రాయునది ఏమనగా...

తమరనే వారొకరు ఉన్నారన్న సంగతే ఇన్నాళ్లూ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బ్యాటరీ తెలుసు. తాళం తిప్పగానే ఇంజిన్‌ని తిప్పి లేపే సెల్ఫ్ మోటారు తెలుసు. బంపర్‌కి వేలాడే నిమ్మకాయ, మిరపకాయలు తెలుసు. ఇంజిన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుందని, రబ్బరు గుండా కరెంటు పోదు కాబట్టి ఇంజిన్‌ని బాడీకి కలపడానికి జానెడు రాగి అల్లిక ఒకటి బిగిస్తారని, అదే తమరని, సెల్ఫ్ లాగే కరెంటంతా దాని మీదుగానే బ్యాటరీకి తిరిగి చేరాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

తమరి తెలివిని మెచ్చుకోవాలి. రోజూ మొరాయిస్తే ఎవరైనా పట్టుకుంటారు. తమరు ఒక్కోసారి మాత్రమే మొరాయించారు, అదీ మనిషిని చూసి. పాల ప్యాకెట్‌కి బయల్దేరితే కారు బుద్ధిగా స్టార్ట్ అయ్యేది. పట్టుచీరలు కట్టుకుని పెళ్లికని కారెక్కామా, ‘టక్’ అని ఒక్క శబ్దం, అంతే. మెకానిక్ వచ్చి తాళం తిప్పగానే మళ్లీ ఒక్క దెబ్బకి స్టార్ట్. అప్పుడు ఆయన నావైపు జాలిగా చూసి, “ఏం లేదు సార్, తాళం గట్టిగా తిప్పాలి” అనేవాడు. ఆ సలహాకి డబ్బులు వేరే.

మన దగ్గర కారు కదలకపోతే మొదట ఊడేది బ్యాటరీ ఉద్యోగమే. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఉంచి చూస్తే 12.6 వోల్టులు చూపించే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే. మా దానికి ఆ వైద్య పరీక్ష కూడా చేయించకుండానే రిటైర్మెంట్ ఇచ్చేశారు. పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో తీసుకుని, ఉపకారం చేసినట్టు నాలుగు వందలు తగ్గించారు.

తర్వాత సెల్ఫ్ మోటారు వంతు. దించారు, విప్పారు, కార్బన్ బ్రష్‌లు మార్చారు, మోటారుకి కరెంటు వదిలే స్విచ్ లాంటి సొలినాయిడ్ మార్చారు. ఆశ్చర్యం, కారు కొన్నాళ్లు గుర్రంలా పరిగెత్తింది! ఇందులో తమరి మాయ ఏమిటో ఇప్పుడు తెలిసింది. మోటారు దించేటప్పుడు స్పానర్ తగిలి తమరి లగ్గు, అదే బోల్టుకి బిగించే తమరి కొస, కాస్త కదిలింది. తుప్పు సందులో ఎక్కడో రాగి ఇనుముని ముట్టుకుంది. పేరు మాత్రం బ్రష్‌లకి వచ్చింది. తప్పుడు రిపేరు కూడా ఒక్కోసారి పనిచేస్తుంది, అందుకే షెడ్డుల్లో తప్పుడు రిపేర్లకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

మళ్లీ ‘టక్’ మొదలైతే, కారు కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించారు. “కోడ్ ఏమీ రాలేదు సార్, కార్ పర్ఫెక్ట్” అన్నారు. ఎలా వస్తుంది? తమరి క్షేమసమాచారాలు చెప్పే సెన్సర్ ఆ కారులో లేదు. ఏ కంప్యూటర్ దృష్టిలోనూ పడకుండా ఇంత పెద్ద బాధ్యత మోసే హోదా తమరిదే.

హెడ్‌లైట్ల సాక్ష్యం ఇంకో తలనొప్పి. “లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంక కరెంటుకి ఏం లోటు?” అని మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఒక్కరూ తీర్పిచ్చారు. ఒక్కో హెడ్‌లైట్ 5 ఆంపియర్లు కూడా తాగదు. పైగా ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు దాని దారి బాడీ మీదుగా బ్యాటరీకి పోతుంది, తమరి గడప తొక్కదు. సెల్ఫ్ మోటారు అలా కాదు, 150 ఆంపియర్లు అడుగుతుంది. తమరి తుప్పు ఓమ్‌లో నూరో వంతు అడ్డం పడితే చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే ఆవిరి. తుప్పు ఇంకా ముదిరితే, మిగిలిన వోల్టులతో సొలినాయిడ్ ‘టక్’ మంటుంది కానీ మోటారు తిరగడానికి ఓపిక చాలదు.

తమరు పని ఎగ్గొట్టినప్పుడు కరెంటు ఊరుకోలేదు పాపం, క్లచ్ కేబుల్ మీదుగా దొడ్డిదారి వెతుక్కుంది. కేబుల్ ఎందుకు వేడెక్కుతోందని అడిగితే, “ఎండలు సార్” అన్నారు. జనవరిలో!

చివరికి తమరిని పట్టుకున్నది ఓ ముసలి ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన దగ్గర ఉన్నది వోల్టులు కొలిచే, అట్టపెట్టె కూడా లేని ఓ మల్టీమీటరు. ఏదీ విప్పలేదు. ఒక కొస బ్యాటరీ మైనస్ దిమ్మె మీద, రెండో కొస ఇంజిన్ మీద పెట్టి, “బాబూ, సెల్ఫ్ కొట్టు” అన్నాడు. అదృష్టం కొద్దీ ఆ పూట తమరు అలిగే ఉన్నారు. మీటరు 2 వోల్టులు దాటింది. 0.2 దాటితేనే అనుమానించాలట. జంపర్ కేబుల్‌తో మైనస్‌ని నేరుగా ఇంజిన్‌కి కలిపాడు. కారు స్టార్ట్. అంతే, తమరి పెత్తనం ముగిసింది.

ఖరీదు చూస్తే తమరు కొత్త బ్యాటరీలో పదో వంతు కూడా ఉండరు. అందుకేనేమో తమరిని అనుమానించడానికి ఎవరికీ మనసొప్పలేదు. లాభం లేని చోట రోగం ఎవరు వెతుకుతారు?

కాబట్టి అయ్యా, తమరి సేవలు ఇక చాలు. ముందుగా బ్యాటరీ మైనస్ విప్పి, తమరిని సాగనంపి, బోల్టు చుట్టూ రంగూ తుప్పూ మెరిసేదాకా గీకి, కొత్త తీగ బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాశాం. ఆయన నియామకం ప్రస్తుతానికి ప్రొబేషన్ మీదే. మీటరు నేనూ ఒకటి కొన్నాను.

ఇట్లు,
తమరి పాపాలకి బిల్లులు కట్టినవాడు

తా.క.: ఆ పాత బ్యాటరీ ఇప్పుడు ఎవరి కారులోనో దర్జాగా పనిచేస్తూ ఉంటుంది. ఎదురుపడితే క్షమాపణ తమరే చెప్పండి.