సీడీఎన్ పెట్టినా సైట్ ఎందుకు వేగం పుంజుకోదు?

సైట్ నెమ్మదిగా ఉందనగానే సీడీఎన్ (సైట్ కాపీలను చూసేవాళ్లకు దగ్గర్లో దాచి ఉంచే సర్వర్ల వ్యవస్థ) పెట్టించి చేతులు దులుపుకోవడం రివాజైపోయింది. పెట్టడం సులువే. అసలు పని క్యాష్ హెడర్ల (దేని కాపీని ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే సూచనలు) దగ్గరుంది, దాన్నే చాలామంది పట్టించుకోరు.

ముందు దూరం లెక్క చూద్దాం. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. సర్వర్ 10 వేల కిలోమీటర్ల అవతల ఉంటే వెళ్లి రావడానికే కనీసం 100 మిల్లీసెకన్లు. టీసీపీ కనెక్షన్ కలపడానికి ఒక రౌండ్ ట్రిప్, టీఎల్ఎస్ 1.3తో దాన్ని భద్రం చేయడానికి ఇంకొకటి, పేజీ అడగడానికి మరొకటి: తొలి బైటు అందేసరికి 300 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. అదే 10 మిల్లీసెకన్లలో వెళ్లి రాగలిగే ఎడ్జ్ సర్వర్‌లో, అంటే దగ్గర్లోని సీడీఎన్ సర్వర్‌లో, కాపీ ఉంటే మూడూ కలిపి 30. కాపీ లేకపోయినా కొంత లాభమే. హ్యాండ్‌షేక్‌లు (పై మొదటి రెండు రౌండ్ ట్రిప్‌లు) దగ్గర్లోనే ముగుస్తాయి, ఒరిజిన్‌కు (సైట్ అసలు సర్వర్‌కు) ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ దొరికితే 130తో సరిపోతుంది. బ్యాండ్‌విడ్త్ ఎంత కొన్నా ఈ ఆలస్యం తగ్గదు.

మరి సీడీఎన్ ఉన్నా తేడా ఎక్కడొస్తోంది? బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి రెస్పాన్స్ హెడర్లు చూడండి. చాలా సీడీఎన్‌లు అక్కడ హిట్ (కాపీ దొరికింది) అనో మిస్ (దొరకలేదు) అనో రాస్తాయి. మొదటిసారి మిస్ మామూలే. మళ్లీ మళ్లీ అడిగినా మిస్సే వస్తుంటే ప్రతి రిక్వెస్టూ ఒరిజిన్ దాకా పోతున్నట్టే. సాధారణంగా దొరికే దొంగ సెట్-కుకీ, అంటే బ్రౌజర్‌లో కుకీ పెట్టమనే హెడర్. లాగిన్ కాని వాళ్లకు కూడా సెషన్ కుకీ పంపే సైట్లు కోకొల్లలు. అలాంటి రెస్పాన్స్‌ను చాలా సీడీఎన్‌లు దాచుకోవు. క్లిక్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి ప్రచార లింకుల చివర తగిలించే యూటీఎమ్ తోకలు మరో తలనొప్పి. తోక మారితే ఒకే పేజీ కొత్త పేజీగా లెక్క. సీడీఎన్ కాపీని గుర్తుపట్టే క్యాష్ కీ నుంచి వాటిని తీసేయాలి. దేన్ని బట్టి వేరే కాపీ ఉంచాలో చెప్పే వేరీ హెడర్‌లో యూజర్-ఏజెంట్ (బ్రౌజర్ పేరు, వెర్షన్) ఉంటే ఇక చెప్పక్కర్లేదు, బ్రౌజర్ వెర్షన్‌కో కాపీ.

స్టైల్‌షీట్లు, స్క్రిప్టుల ఫైలు పేర్లలో హ్యాష్ (ఫైలులోని విషయాన్ని బట్టి వచ్చే కోడ్) చేర్చి, కాపీ ఎన్ని సెకన్లు చెల్లుతుందో చెప్పే మ్యాక్స్-ఏజ్ 31536000, అంటే ఏడాది, ఇవ్వవచ్చు. ఫైలు మారితే పేరూ మారుతుంది కనుక పాత కాపీని పర్జ్ చేసే (తొలగించే) పనే ఉండదు. హెచ్‌టీఎమ్ఎల్‌ను క్యాష్ చేయడానికే అందరికీ భయం. వార్తా పేజీకి ఎస్-మ్యాక్స్ఏజ్ (సీడీఎన్ లాంటి ఉమ్మడి క్యాష్‌లకు గడువు) 60 సెకన్లు పెట్టినా చాలు, రద్దీ వేళ ఒరిజిన్‌పై భారం ఇట్టే తగ్గుతుంది.

అయితే ఆ భయం ఉత్తదేం కాదు. 2015 క్రిస్మస్ రోజున గేములు అమ్మే స్టీమ్‌లో క్యాష్ సెట్టింగ్ తప్పడంతో ఒకరి ఖాతా పేజీలు ఇంకొకరికి కనిపించాయి. అందుకే లాగిన్ కుకీ ఉన్న రిక్వెస్టుకు క్యాష్‌ను దాటవేసే నిబంధన ముందు రాయాలి, ఖాతా పేజీలకు కాపీ దాచొద్దని చెప్పే ప్రైవేట్, నో-స్టోర్ పెట్టాలి. హెచ్‌టీఎమ్ఎల్ క్యాషింగ్ ఆన్ చేయడం ఆ తర్వాతే.